ఓనరు అందరి ముందూ తిట్టాడు, మర్నాడు పెసరట్టు తెప్పించాడు. ఏమనుకోవాలి?

కాలవగట్టు_కుర్రాడు:
బెజవాడ బీసెంట్ రోడ్డులో బట్టల షాపు, సేల్స్‌లో నాకిది నాలుగో ఏడు. పెళ్లి బేరం వచ్చింది. ముప్పై చీరలు పరిచా, ఒక్కటీ తీసుకోకుండా లేచిపోయారు. ఓనరు గల్లాపెట్టె దగ్గర్నుంచే "మడతలు పెట్టడానికా నీకు జీతం" అని అరిచాడు. షాపంతా తిరిగి చూసింది. మర్నాడు సారీ లేదు, ఏం లేదు. నా ఒక్కడికే ఉప్మా పెసరట్టు తెప్పించాడు. అప్పట్నుంచి బేరం వస్తే గొంతు పెగలట్లేదు, పై అర చీరలు దించబుద్ధి కావట్లేదు. మీకెవరికైనా ఇలా అయిందా? మానేయమంటారా?

యార్డు_గుమాస్తా, గుంటూరు:
మానేయడం సంగతి నాకు తెలీదు, నా గొడవ వేరు. మిర్చి యార్డులో కమీషన్ కొట్టు మాది. తేజా రకం మిర్చి రేటు పడిందంటే ఆ రోజు షావుకారు వైపు ఎవరం చూడం. పోయిన సీజన్లో 45 టిక్కీలకి, అదే మిర్చి బస్తాలకి, 54 రాశా. సాయంత్రమే కనిపెట్టా, కానీ ఆయన మొహం చూసి నోరు మెదపలేదు. రెండు రోజులకి లెక్క తేలక రైతు, కొన్నవాళ్లు, మేము ఒకటే రచ్చ. "ఆ రోజే చెప్పొచ్చుగా" అన్నాడు. చెప్పనిచ్చే మొహమేనా అది!

ఆటోనగర్_మేస్త్రీ:
పెసరట్టు పెట్టాడంటే సారీ చెప్పినట్టే తమ్ముడూ. పెద్దవాళ్లు నోటితో చెప్పరు. మా గురువు స్పానరు విసిరేవాడు, మధ్యాహ్నం తన క్యారేజీలోంచే అన్నం పెట్టేవాడు. నాకు ఇంజను పని అలాగే వచ్చింది. ఈ కాలం కుర్రాళ్లు ఒక్క మాట పడరు.

చీరలక్క:
తిట్టడం అందరి ముందూ, టిఫిన్ చాటుగానా? సారీ కూడా అందరి ముందే చెప్పాలండీ.

ఆటోనగర్_మేస్త్రీ:
చాటుగా అని ఎవరన్నారు?

చీరలక్క:
"నా ఒక్కడికే" అని రాశాడు, మళ్లీ చదవండి. పదకొండేళ్లు కౌంటర్లో నిలబడి మోకాళ్లు పోయినదాన్ని. షాపులో పనిచేసేవాళ్లకి కూర్చునే వీలుండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం చేశాయి. అవి పెసరట్టు తిని ఊరుకుంటే వచ్చాయా? మీ షెడ్డులో ఒక్క కుర్రాడైనా ఏడాది నిలిచాడేమో చెప్పండి ముందు.

ఆటోనగర్_మేస్త్రీ:
నా షెడ్డు ఊసు మీకెందుకు? కాస్త మర్యాదగా మాట్లాడండి.

చీరలక్క:
చూశారా, రెండు మాటలకే ఉడుక్కున్నారు. ఆ అబ్బాయికి షాపంతా చూస్తుండగా అయింది.

ట్రైనర్_18ఏళ్లు:
మీరంతా అసలు పాయింట్ వదిలేశారు. దీన్ని ఎమోషనల్ లేబర్ అంటారు. ఆర్లీ హాక్‌షీల్డ్ అనే అమెరికా సోషియాలజిస్టు విమానాల్లో ఎయిర్‌హోస్టెస్‌ల పని పరిశీలించి 1983లో పెట్టిన పేరు. లోపల ఏడుపొస్తున్నా కస్టమర్ ముందు నవ్వడం కూడా ఉద్యోగంలో భాగమేనని ఆవిడ చెప్పింది. నా క్లాసులో మొదటి పాఠం ఇదే. కోపం వస్తే పది లెక్కపెట్టండి.

యార్డు_గుమాస్తా, గుంటూరు:
పది లెక్కపెట్టేలోపు ఇక్కడ బేరం అయిపోద్ది సారూ.

చీరలక్క:
ఆ నవ్వుకి జీతం ఎంత కలుపుతారో కూడా మీ క్లాసులో చెప్తారా?

సింగ్‌నగర్_అకౌంట్స్:
తిట్ల సంగతేమో గానీ, మా ఆఫీసు స్టోర్ కీపరుకీ నాకూ ఏడాదిగా మాటల్లేవు. ఒక ఓచరు దగ్గర చెడింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మా వీధి మునిగితే, నడుంలోతు నీళ్లలో పాల ప్యాకెట్లు నెత్తిన పెట్టుకుని ఆయనే వచ్చాడు. ఓచరు ఊసు ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇప్పుడు ఆయన బిల్లు ఆలస్యమైతే నేనే ఫోన్ చేసి అడుగుతున్నా. అంతకుముందు తిప్పి పంపేవాణ్ణి, నిజం చెప్పాలంటే కావాలనే.

ఆటోనగర్_మేస్త్రీ:
చూశారా, ఆయన మాత్రం నోటితో సారీ చెప్పాడా!

చీరలక్క:
అరిచినవాడూ పాలు తెచ్చినవాడూ ఒకటేనా?

కాలవగట్టు_కుర్రాడు:
మానేయాలా వద్దా అన్నది ఒక్కరూ చెప్పలేదు. ఆషాఢం సేల్ రేపటి నుంచి, పొద్దున్నే రమ్మన్నాడు. వెళ్తున్నా. అక్కా, అన్నా, గొడవపడకండి. ఆ పెసరట్టు తిన్నాను. అల్లం చట్నీ మాత్రం కోపంతో వదిలేశా.

ఆటోనగర్_మేస్త్రీ:
అల్లం చట్నీ వదిలేసి పెసరట్టు ఎలా తిన్నావయ్యా?

చీరలక్క:
ఈ ఒక్క విషయంలో మేస్త్రీ గారితో ఏకీభవిస్తున్నా.