టీచర్లకు కరోనా టీకా అంటే అంత భయం ఎందుకు పట్టుకుంది?

తిరుచానూరు_పాప: మా పిన్నీ బాబాయీ ఇద్దరూ టీచర్లే. 2021 ఏప్రిల్‌లో 45 దాటినవాళ్లకి అనగానే పిన్ని వెళ్లి వేయించుకుంది. బాబాయి ఆగస్టులో బడులు తెరిచేదాకా కదల్లేదు. పిల్లలకి టీకాల పాఠం చెప్పే మనిషికే ఎందుకంత భయం? మీ స్కూళ్లలో ఎలా జరిగింది?

పుత్తూరు_ఎస్జీటీ: టీకా సంగతి తర్వాత, ముందు పంచాయతీ ఎన్నికల సంగతి మాట్లాడదాం. ఆ ఫిబ్రవరికి మాలో ఒక్కరికీ సూది పడలేదు. టీకా వేశాకే డ్యూటీ అని సంఘాలు మొత్తుకున్నాయి. జనవరి 25న సుప్రీంకోర్టు ఎన్నికలు ఆపేది లేదంది. బ్యాలెట్ పెట్టెలు మోసుకుని పోయాం. వేలికి సిరా పూస్తుంటే మాస్కు గడ్డం కిందకి లాగి మొహం మీదే దగ్గేవాళ్లు. నా భయం అదీ!

కాళహస్తి_మాస్టారు: మాది ఏప్రిల్ 17, తిరుపతి పార్లమెంటు ఉపఎన్నిక. ఆ తెల్లవారుజామునే తమిళ కమెడియన్ వివేక్ పోయాడు. టీకా వేయించుకుని రెండు రోజులే. మాక్ పోల్ నడుస్తుంటే ఏజెంట్లు కూడా అదే మాట. మర్నాడు పీహెచ్‌సీకి పోదామనుకున్న మా స్టాఫ్‌లో సగం మందికి ఉన్నట్టుండి ఒంట్లో బాగాలేకపోయింది.

పలమనేరు_రాజా: ఆయన పోయింది టీకా వల్లే. అందరికీ తెలుసు.

బయాలజీ_సార్: అందరికీ అంటే ఎవరికి నాయనా? గుండె రక్తనాళం నూరు శాతం పూడుకుపోయిందని చెన్నై డాక్టర్లు అప్పుడే చెప్పారు. కేంద్రం వేసిన కమిటీ కూడా టీకాకి సంబంధం లేదంది. పాతికేళ్లుగా పదో తరగతికి రక్తప్రసరణ చెబుతున్నా, నాతోనా వాదన?

పలమనేరు_రాజా: రక్తప్రసరణ పాఠం చెప్పినోళ్లంతా గుండె డాక్టర్లయితే ఇంక తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి ఎందుకు సార్?

బయాలజీ_సార్: నాళంలో కొవ్వు పేరుకోవడానికి ఏళ్లు పడుతుంది, ఒక్క రాత్రిలో కాదు. వాట్సాప్ మూసి పుస్తకం తెరువు.

కొర్లగుంట_టీచర్: మీ గొడవ ఆపండి సార్. మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ అందక 11 మంది పోయారు. అప్పటిదాకా మా స్టాఫ్ గ్రూపులో వద్దు వద్దన్నవాళ్లు పొద్దున్నే 'ఎక్కడ వేస్తున్నారు, స్లాట్ ఉందా' అని మొదలెట్టారు. నాకు షుగర్. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో రెండో డోసు అన్న కోవిషీల్డ్‌ని మే 13న పన్నెండు నుంచి పదహారు వారాలకి జరిపారు. నా టెన్షన్ ఎవరికి చెప్పుకోను?

పీలేరు_పంతులు: సరుకు లేక జరిపారు మేడం, ఇంకేం లేదు.

బయాలజీ_సార్: గ్యాప్ పెరిగితే రక్షణ పెరుగుతుందని బ్రిటన్ లెక్కల్లో తేలింది.

పీలేరు_పంతులు: సరిగ్గా మనకి డోసులు కరువైనప్పుడే గుర్తొచ్చిందా బ్రిటన్? కోవాగ్జిన్‌కి మరి నాలుగు నుంచి ఆరు వారాలే ఎందుకుంచారు?

బయాలజీ_సార్: అది వేరే టీకా మహానుభావా! తయారీయే వేరు!

చంద్రగిరి_చందు: మా హెచ్ఎం సూది వద్దని ఆనందయ్య నాటు మందు కోసం కృష్ణపట్నం బయల్దేరాడు. కంట్లో చుక్కలే కావాలట. ప్రభుత్వం మిగతా మందుకి సరేనంది గానీ చుక్కలకి ఒప్పుకోలేదు. అయినా చుక్కలే కావాలి ఆయనకి.

తిరుచానూరు_పాప: మా బాబాయి సంగతి ఎవరైనా చెబుతారా?

కొర్లగుంట_టీచర్: చెబుతానమ్మా. మా సెంటర్లో ఏఎన్ఎం 'బీపీ ఉందా? షుగర్ ఉందా? ఏ మందులు వాడుతున్నారు?' అని అంతమందిలో గట్టిగా అడిగేది. వెనక లైన్లో మన పిల్లల అమ్మానాన్నలే. ఇంట్లో కూడా చెప్పకుండా మాత్రలు మింగే మగాళ్లు మా స్టాఫ్‌లో ఇద్దరున్నారు. వాళ్లు సూదికి భయపడలేదు. మీ బాబాయి పర్సులో మాత్రల స్ట్రిప్ ఏమైనా ఉందేమో పిన్నిని చూడమను.

పలమనేరు_రాజా: మాత్రలకీ భయమే, టీకాకీ భయమే. ఇంక పాఠాలేం చెబుతారు?

బయాలజీ_సార్: నువ్వు ఇంకా ఇక్కడే ఉన్నావా?

పుత్తూరు_ఎస్జీటీ: అవన్నీ సరే, పంచాయతీ డ్యూటీ రెండో విడత డబ్బులు ఎవరికైనా పూర్తిగా పడ్డాయా?