అప్‌డేట్: అమ్మకి ఏ పుస్తకం చదివి వినిపిస్తున్నానంటే

కంటి ఆపరేషన్ తర్వాత అమ్మకి రోజూ రాత్రి శంకరమంచి సత్యం ‘అమరావతి కథలు’ చదివి వినిపించానని, నూరు కథలూ అయిపోయాయని, తర్వాత ఏం చదవాలని నెల క్రితం అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

మీలో చాలామంది డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ చెప్పారు. నాకు కొంచెం టెన్షన్‌గానే ఉండింది. రోజుకో చిన్న కథ వినడానికి అలవాటుపడ్డ మనిషి నవల వింటుందా అని. మూడో రోజుకే ఆ భయం పోయింది. ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమాకి ఇదే ఆధారమని చెప్పగానే అమ్మ లేచి కూర్చుంది. 1963లో వచ్చిన సినిమా కదా, అందులో సావిత్రి గురించి చాలాసేపు మాట్లాడింది.

ఇక నవలలో ఇందిర! సంపాదించి తండ్రిని పోషిస్తూ, తనకేం కావాలో దాచుకోకుండా చెప్పే అమ్మాయి. మొదట్లో “ఇదేం పిల్లే” అన్న అమ్మే, సగానికొచ్చేసరికి “దాని కష్టం దానిది, ఎవరికి తెలుస్తుంది?” అంది. ఆ రాత్రి ఇంకో పేజీ చదవలేకపోయాను. అమ్మ తన పెళ్లికి ముందు రోజుల గురించి చెప్తూనే ఉంది. నాకెప్పుడూ చెప్పని సంగతులు.

శ్రీదేవి 1961లోనే, చిన్న వయసులో పోయారని తెలిసి ఇద్దరికీ చాలా బాధేసింది.

తర్వాతి పుస్తకం అమ్మే ఎంచుకుంది: వంశీ ‘మా పసలపూడి కథలు’. మళ్లీ రోజుకో కథ. రేపటి నుంచి మొదలు.