ప్రతి ఆత్మనూ దేవుడే కొత్తగా చేస్తే, పాపస్వభావం ఎక్కడి నుంచి వస్తుంది?

అందరికీ వందనాలు. నరసాపురం దగ్గర మా సంఘంలో యవ్వనస్తుల బైబిల్ స్టడీ నడిపిస్తున్నాను. మానవ స్వభావం పాఠంలో ఆగిపోయాం.

ప్రసంగి 12:7, జెకర్యా 12:1 చూస్తే ప్రతి ఆత్మనూ దేవుడే నేరుగా సృష్టిస్తాడనిపిస్తుంది. ప్రొటెస్టెంట్ సంస్కర్త కాల్విన్ దారి అదే. శరీరంలాగే ఆత్మ కూడా తల్లిదండ్రుల నుంచే వస్తుందని తొలినాటి క్రైస్తవ రచయిత టెర్టులియన్ అన్నాడు. ఆ పక్షం వాళ్లు, లేవి పుట్టకముందే తన పితరుడైన అబ్రాహాములో ఉన్నాడని చెప్పే హెబ్రీ 7:9-10 చూపిస్తారు. ఆది సంఘపు గొప్ప వేదాంతి అగస్టీన్ అంతటివాడే ఈ విషయం చివరిదాకా తేల్చలేదు.

ఒక మనుష్యుని ద్వారా పాపం లోకంలోకి వచ్చిందనే రోమా 5:12, పాపంలోనే పుట్టాననే కీర్తన 51:5 కలిపి చదివాం. పాస్టర్ గారిని అడిగితే, ఆదాము మనందరి ప్రతినిధి అన్నారు. అపరాధం మన లెక్కలోకి ఎలా వచ్చిందో దాంతో తెలిసింది గానీ, స్వభావం ఎలా చెడిందో తేలలేదు. దేవుడు చెడ్డదాన్ని చేయడు కదా! పిల్లలు అక్కడే పట్టుబడుతున్నారు, ఆదివారం జవాబు చెప్పాలి.

దేవుడే ప్రతి ఆత్మను కొత్తగా చేస్తాడని నమ్మేవాళ్లు, అది పాపస్వభావంతో ఎలా పుడుతుందని వివరిస్తారు?