కలీనాకు తమ్ముడు: అరుదైన పోలిష్ పేరు ఏది?

ప్రశ్న:
మేము క్రాకోవ్‌లో ఉంటున్నాము. మావారు పోలండు వారు, మా పుట్టిల్లు తూర్పు గోదావరి. అమ్మాయికి కలీనా అని, ఎర్రని పండ్లు గుత్తులుగా కాసే ఒక పొద పేరు పెట్టుకున్నాము. మార్చి మొదటి వారంలో బాబు పుట్టబోతున్నాడు. తరగతికి ఇద్దరు ముగ్గురుండే పేరు వద్దనుకుని బోగూమివ్, మ్యెష్కో, కజీమ్యెష్ అనే మూడింటి దగ్గర ఆగాము. అక్క పేరుతో ప్రాస కలవాలని మా అమ్మ పట్టు. మీరేమంటారు?

జవాబు 1:
అక్కడ ప్రాస కంటే రెండు పేర్లూ ఒక కోవకు చెందినట్లు వినిపించడమే ముఖ్యమండీ. కలీనా స్లావు (పోలిష్, రష్యన్ వంటి భాషల కుటుంబం) మాట, మీ మూడు పేర్లూ స్లావువే, కాబట్టి ఆ చింత లేదు. బోగూమివ్ అంటే అర్థంలో మన దేవప్రియుడే. అందులోని ‘బోగ్’ మన ‘భగ’ శబ్దానికి చుట్టం. అయితే ఆ పేరును ముద్దుగా ‘బోగుశ్’ అంటారు. సెలవులకు మీ ఊరు వచ్చినప్పుడు మేనమామల నోట అది ‘బోగస్’ కాకుండా ఎన్నాళ్లు ఆపగలరో చూసుకోండి.

జవాబు 2:
నా ఓటు మ్యెష్కోకు. 966లో బాప్తిస్మం పుచ్చుకున్న పోలండు పాలకుడి పేరది. పొట్టిగా ఉండి కలీనా పక్కన చక్కగా అమరుతుంది. ఒక్క జాగ్రత్త: తరువాత చెల్లెలు పుడితే దొబ్రావా అని మాత్రం పెట్టకండి, ఆవిడ ఆయన భార్య!

జవాబు 3:
జననాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. రెండు పేర్లకు మించి రాయరు కనుక, రెండవది తెలుగు పేరు పెట్టుకుంటే అమ్మగారికీ తృప్తి. ముద్దుపేరును అసలు పేరుగా ఒప్పుకోరు, అందుచేత ‘కాజిక్’ అని పిలవాలనుకున్నా కాగితం మీద కజీమ్యెష్ అనే ఉండాలి. ఆ పేరుకు ‘శాంతిని చెడగొట్టేవాడు’ అని అర్థం చెబుతారు, పసివాడికి అంతకంటే తగినది ఏముంటుంది! 1364లో మీ ఊరి విశ్వవిద్యాలయాన్ని స్థాపించిన రాజుదీ అదే పేరు. పైగా ఆ పేరుగలవారు ఏటా జరుపుకునే పేరు పండుగ మార్చి 4న వస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. బోగూమివ్‌ను కొట్టివేశాము. కజీమ్యెష్‌కు ‘కాజ్యో’ అనే ముద్దుపేరు కూడా ఉందని నిన్న ఫోనులో అమ్మకు చెప్పాను. రెండుసార్లు పలికి చూసి, ప్రాస మాటే మరిచిపోయి, “తాపేశ్వరం కాజా అనుకుంటాలే” అంది.