టైమర్‌తో నడిచే సర్వీసులో రాత్రి లెక్క మెయిల్ రెండుసార్లు పోతోంది, లేదా అసలే పోవడం లేదు

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి):
ఇక్కడి ఒక రైస్ మిల్లుకు డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్‌లో విండోస్ సర్వీసు (తెర వెనక నడుస్తూ ఉండే ప్రోగ్రామ్) రాశాను. ఆ రోజు కాంటా మీద తూగిన వడ్ల లెక్కను రాత్రి 11 గంటలకు మొత్తం కట్టి యజమానికి మెయిల్ పంపడం దాని పని. సిస్టమ్ టైమర్స్ టైమర్‌ను 60 సెకన్లకు పెట్టి, అది మోగినప్పుడల్లా సమయం 11 గంటల 0 నిమిషాలేనా అని చూసేవాడిని. అప్పుడప్పుడు ఆ నిమిషం తప్పిపోతోందని 30 సెకన్లకు తగ్గించాను. ఇప్పుడు ఒకే లెక్క రెండుసార్లు పోతోంది, యాసంగి వడ్లు ముమ్మరంగా వచ్చే రోజుల్లో ఒక్కోసారి అసలే పోవడం లేదు. లాగ్‌లో (ప్రోగ్రామ్ రాసుకునే చిట్టాలో) తప్పేమీ కనిపించదు. పెట్టిన వేళకు ప్రోగ్రామ్‌ను నడిపే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌కు మారడమే మేలంటారా?

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి):
మారవలసిన అవసరం లేదండీ. 30 సెకన్ల టైమర్ ఒకే నిమిషంలో రెండుసార్లు మోగుతుంది కాబట్టి రెండు మెయిళ్లు పోవడం సహజమే. టైమర్‌ను సర్వీసును నిద్రలేపడానికే వాడండి. ఏ తేదీ లెక్క పోయిందన్నది డేటాబేసులో, తేదీయే ప్రైమరీ కీగా (ఒకే విలువ రెండుసార్లు రాకుండా చూసే కాలమ్‌గా) ఉన్న చిన్న టేబుల్‌లో రాసి పెట్టండి. అప్పుడు "11 అయిందా" అని కాక, "11 గంటలు దాటిన తేదీల్లో ఇంకా పోని లెక్క ఏదైనా ఉందా" అని అడగవచ్చు. ఈ తేడా చిన్నది కాదు: 10:50కి కరెంటు పోయి 12:30కి వస్తే, "ఈ రోజు" అని వెతికే కోడ్ నిన్నటి లెక్కను శాశ్వతంగా వదిలేస్తుంది.

లాగ్ ఖాళీగా ఉండడానికి కారణం వేరు. ఆ టైమర్ ఎలాప్స్‌డ్ ఈవెంటులో (మోగినప్పుడు నడిచే కోడ్‌లో) వచ్చిన ఎక్సెప్షన్‌ను, అంటే నడుస్తుండగా వచ్చిన లోపాన్ని, బయటికి రానివ్వకుండా తానే మింగేస్తుంది. పైగా ఆ ఈవెంటు థ్రెడ్ పూల్‌లో (ఒకేసారి పలు పనులు నడిపే థ్రెడ్ల గుంపులో) నడుస్తుంది కనుక, వడ్ల బండ్లు ఎక్కువై మొత్తం కట్టడానికి 30 సెకన్లు దాటితే, మొదటిది ముగియకముందే రెండోది మొదలవుతుంది. టైమర్ తనంతట తానే మళ్లీ మోగకుండా ఆటోరీసెట్‌ను ఫాల్స్ చేసి, పనిని ట్రైలో పెట్టి, వచ్చిన లోపాన్ని క్యాచ్‌లో పట్టి లాగ్‌లో రాసి, ఎలాగైనా చివర నడిచే ఫైనల్లీలో టైమర్‌ను మళ్లీ స్టార్ట్ చేయండి.

జవాబు (నల్లగొండ నుంచి):
పై సలహాతో ఏకీభవిస్తున్నాను. టాస్క్ షెడ్యూలర్‌లోనూ తప్పిన పనిని తరువాత వీలైనంత త్వరగా నడిపే ఎంపిక ఉంది కానీ, మెయిల్ రెండుసార్లు పోకుండా ఆ టేబుల్ అక్కడా కావలసిందే. ఎప్పుడైనా క్లౌడ్‌కు మార్చితే సర్వరు గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉండవచ్చు. మన రాత్రి 11 అక్కడ సాయంత్రం 5:30. డాట్‌నెట్ 6 లేదా ఆ తరువాతి వెర్షన్‌కు వెళ్లగలిగితే, పని ముగిసే వరకు తరువాతి మోతకు ఆగే పీరియాడిక్ టైమర్ దొరుకుతుంది.

ప్రశ్న అడిగినవారు:
క్యాచ్ పెట్టిన మొదటి రాత్రే దొరికిందండీ, డేటాబేసు క్వెరీ గడువులోగా ముగియక టైమవుట్ అవుతోంది. వెతకడాన్ని వేగం చేసే ఇండెక్సే తేదీ కాలమ్‌కు లేదు.