అప్‌డేట్: పలాస జీడిపప్పు కొట్టు అరువు లెక్కలు

పోయిన నెల అడిగాను కదా, పలాసలో మా జీడిపప్పు కొట్టు అరువు లెక్కలు నోటుబుక్కులో కలగాపులగం అవుతున్నాయి, ఏం చేయాలని. మీరు చెప్పినట్టే గూగుల్ షీట్స్ మొదలెట్టాను. తేదీ, పేరు, రకం, కిలోలు, ఇచ్చింది, రావలసింది, అంతే. ఎవరి బాకీ ఎంతో సమ్‌ఇఫ్ ఫార్ములా (ఒక పేరు మీదున్న అంకెలన్నీ కూడేది) చెప్పేస్తోంది. మొదటి వారం మాత్రం టెన్షనే! ఒకే మనిషి పేరు మూడు రకాలుగా టైప్ చేశాను, ఆయన బాకీ కాస్తా మూడు ముక్కలైంది. పేర్లకు డ్రాప్‌డౌన్ (టైప్ చేయకుండా జాబితాలోంచి ఎంచుకునేది) పెట్టాక సర్దుకుంది.

వాట్సాప్ బిజినెస్ కేటలాగ్‌లో డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 (రెండూ గుండు పప్పు సైజులు), బద్ద, ముక్క ఫొటోలు పెట్టాను. ధర మారుతుంటుంది కాబట్టి రాయలేదు, అడిగితే చెబుతున్నాను.

అమ్మ ఇంకా నోటుబుక్కు వదల్లేదు. రాత్రి అందులోది చూసి నేనే ఎక్కిస్తున్నాను.