మార్పు చేప పిల్లలను వదిలేముందు జన్యు పరీక్ష అవసరమా?

ప్రశ్న (పర్లాకిమిడి ప్రాంతం, గజపతి జిల్లా, ఒడిశా)

మా ఊరి చెరువు సంఘం తరఫున అడుగుతున్నాను. మహేంద్రతనయ ఒడ్డున ఉన్న వరి మడుల్లోనూ గుంటల్లోనూ తొలకరి పడగానే విరివిగా దొరికే మార్పు చేప, అంటే ఇక్కడి ఒడియావారు మాగుర అనేది, ఇప్పుడు కంటికి కనబడటం లేదు. పన్నెండు ఆడ చేపలనూ రెండు మగ చేపలనూ సేకరించి, హార్మోన్ ఇంజెక్షన్‌తో గుడ్లు తీయించి, పిల్లలను చెరువుల్లో వదలాలనుకుంటున్నాము. మత్స్యశాస్త్రం చదివే మా ఊరి కుర్రవాడు ముందు జన్యు పరీక్ష చేయించమంటున్నాడు. అది మాకు పనికొస్తుందా, లేక పరిశోధకుల అవసరమేనా? పెద్దలు దయచేసి చెప్పగలరు.

జవాబు

అయ్యా, ఆ కుర్రవాడు సరిగానే చెప్పాడు. మార్పు ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం) ఎరుపు జాబితాలో అంతరించే ప్రమాదమున్న జాతిగా నమోదైంది కనుక, మీరు వదిలే పిల్లల సంఖ్య కంటే వాటికి తల్లిదండ్రులుగా నిలిచిన చేపలెన్ని అన్నదే అసలు లెక్క.

ఈ చేపలో మగదాని పొట్ట నొక్కితే వీర్యం సరిగా రాదు. అందువల్ల హేచరీల్లో మగ చేపను కోసి, వృషణాలను బయటకు తీసి, ఉప్పునీటి ద్రావణంలో నలిపి గుడ్లపై పోస్తారు. ఒక మగ చేప అనేక ఆడ చేపల గుడ్లకు సరిపోతుంది కాబట్టి, ఖర్చు తగ్గుతుందని ఒకటి రెండింటితోనే సరిపెట్టడం అలవాటైంది. చిక్కంతా అక్కడే ఉంది. ఆడ, మగ సంఖ్యలను హెచ్చించి, దానిని నాలుగుతో గుణించి, మొత్తం చేపల సంఖ్యతో భాగిస్తే ప్రభావవంతమైన జనాభా, అంటే వారసత్వం అందించడంలో నిజంగా లెక్కకు వచ్చే చేపల సంఖ్య, వస్తుంది. మీ లెక్కలో అది సుమారు 7. అవే పద్నాలుగు చేపలను ఏడు ఆడ, ఏడు మగ చేపలుగా తీసుకుంటే 14 అవుతుంది. ఒక్క తరంలో పెరిగే అంతఃప్రజననం (దగ్గరి బంధువుల మధ్య కలయిక) మొదటి పద్ధతిలో దాదాపు 7 శాతం, రెండవదానిలో 3.6 శాతం. రెండవది కూడా గొప్పదేమీ కాదు. వేర్వేరు చెరువుల నుంచి ఇంకా చేపలను తేగలిగితే మంచిది.

పైగా ఇది కాగితం మీది లెక్క. రెండు మగ చేపల ద్రావణాలను కలిపి పోస్తే ఒకదాని వీర్యమే అధికశాతం గుడ్లను ఫలదీకరించవచ్చు. ఎవరి వంతు ఎంతో కంటితో చూసి చెప్పలేము. మైక్రోశాటిలైట్ గుర్తులతో, అంటే డీఎన్ఏలో చేపకూ చేపకూ తేడాగా ఉండే చిన్న పునరావృత భాగాలతో, చెప్పగలము: ప్రతి గుర్తు దగ్గరా పిల్లకు ఒక రూపం తల్లి నుంచి, ఇంకొకటి తండ్రి నుంచి వస్తాయి కనుక, తల్లిదండ్రుల నమూనాలు మన దగ్గరుంటే ఏ పిల్ల ఎవరిదో పోల్చవచ్చు. ద్రావణాలను కలపకుండా, ఒక్కొక్క ఆడ చేప గుడ్లను రెండు గిన్నెల్లోకి పంచి, ఒక్కొక్క గిన్నెకు ఒక్కొక్క మగ చేప వీర్యం వాడటం మేలు.

మళ్లీ ప్రశ్న

బజారులో ఆఫ్రికా మార్పు కూడా అమ్ముతున్నారు. మా చేపల్లో దాని కలయిక ఉందో లేదో తెలుస్తుందా? నమూనా ఎలా తీయాలి?

జవాబు

ఆఫ్రికా మార్పు పెంపకాన్ని మన దేశంలో 2000లోనే నిషేధించినా చాటుగా సాగుతూనే ఉంది. అది మన జాతితో సంకరం కాగలదు కాబట్టి ఆ అనుమానం సబబే. అయితే ఒక జాగ్రత్త: జాతిని గుర్తించడానికి సాధారణంగా చేసే బార్‌కోడ్ పరీక్ష మైటోకాండ్రియా (కణంలో శక్తినిచ్చే భాగం) డీఎన్ఏపై ఆధారపడుతుంది, అది తల్లి నుంచి మాత్రమే వస్తుంది. తల్లి మన మార్పు, తండ్రి ఆఫ్రికా మార్పు అయితే ఆ సంకరజాతి పిల్ల బార్‌కోడ్‌లో అచ్చంగా మన చేపగానే కనబడుతుంది. అందుచేత తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే కేంద్రక డీఎన్ఏ గుర్తులు కూడా చూడమని ప్రయోగశాలను స్పష్టంగా కోరండి.

నమూనాకు బియ్యపు గింజంత తోక రెక్క ముక్క చాలు. పక్క రెక్కల జోలికి పోకండి. ఆ ముల్లు గుచ్చుకున్నవారికి కారణం చెప్పనక్కరలేదు. ముక్కను 95 శాతం ఇథనాల్‌లో వేయండి. ఫార్మలిన్ డీఎన్ఏను పాడుచేస్తుంది కనుక వద్దు. చేప నంబరును పెన్సిల్‌తో చిన్న కాగితంపై రాసి సీసాలోపలే ఉంచండి; పెన్ను సిరా ఆల్కహాలులో కరిగిపోతుంది. ప్రతి చేపకూ మధ్య కత్తెరను తుడిచి, మంటలో కాల్చి, చల్లారనివ్వండి. కోసే మగ చేప ముక్కను మాత్రం మరచిపోవద్దు, తండ్రి ఆధారం మళ్లీ దొరకదు.

భువనేశ్వర్ దగ్గరి కౌసల్యాగంగలో కేంద్ర మంచినీటి మత్స్యపెంపక పరిశోధన సంస్థ, లక్నోలో జాతీయ మత్స్య జన్యువనరుల సంస్థ ఉన్నాయి. నమూనాలు తీయకముందే ఎన్ని కావాలో, పరీక్షకు ఎంత అవుతుందో ఉత్తరం రాసి అడగండి. మార్పు వర్షాకాలంలో గుడ్లు పెడుతుంది కాబట్టి వేసవిలోనే రాస్తే, సంకర చేపలేవో తేలాక వాటిని పక్కన పెట్టి మిగిలినవాటికే ఇంజెక్షన్ ఇవ్వవచ్చు.